దూరమే దాని కోట

తమ్ముడు కొలరాడోలో స్థిరపడ్డ ఇంజనీరు. అక్క నంద్యాలలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయింది. ఈ వేసవి తమ్ముడి ఇంట్లో ఉంది. జింకలా కనిపించే ప్రాంగ్‌హార్న్ వేటకు వయోమింగ్ రాష్ట్రం తీసే లాటరీలో అతనికి లైసెన్సు వచ్చింది. వేట సెప్టెంబరు చివరి వారంలో. అక్కడి రెడ్ డెజర్ట్ ఎడారి మ్యాపు ముందు పెట్టుకుని అతను ప్రణాళిక రాసుకుంటుండగా ఇద్దరి మధ్య సాగిన వాదన ఇది.

అక్క: ముందు ఇది చెప్పు. మన రోళ్ళపాడు బీళ్ళలో కృష్ణజింకల మందల్ని చూస్తూ పెరిగినవాడివి నువ్వు. అక్కడ వాటి మీద చెయ్యి వేస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా అదే. అలాంటి జీవాన్నే ఇక్కడ కాల్చడానికి మ్యాపు పరిచావు. సముద్రం దాటితే తప్పు ఒప్పవుతుందా?

తమ్ముడు: దాటినంత మాత్రాన కాదు. కానీ ఇక్కడి లెక్క వేరక్కా. 1920ల నాటికి ఈ ఖండం మొత్తం మీద ప్రాంగ్‌హార్న్‌లు ముప్పై వేలకు అటూ ఇటూగా మిగిలాయి. మాంసం అమ్ముకునే వేట, కంచెలు, దున్నేసిన బీళ్ళు కలిసి వాటిని ఆ స్థితికి తెచ్చాయి. తర్వాత వేటకు పగ్గాలు వేశారు. నెవాడాలో 1931లో షెల్డన్, ఆరెగన్‌లో 1936లో హార్ట్ మౌంటెన్ అభయారణ్యాలు పెట్టారు. ఇప్పుడవి లక్షల్లో ఉన్నాయి. వయోమింగ్‌లో ఉన్నన్ని మరే రాష్ట్రంలోనూ లేవు. రాష్ట్ర వన్యప్రాణి శాఖ మందల్ని అంచనా కట్టి, ఒక్కో వేట ప్రాంతానికి ఇన్ని లైసెన్సులని తేల్చి లాటరీ తీస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం పన్ను ఉంది. ఆ సొమ్ము వన్యప్రాణుల సంరక్షణ కోసం రాష్ట్రాలకు చేరుతుంది.

అక్క: పన్ను కడితే చంపే హక్కు రాదు. అట్టముక్క మీద గురి చూసి కాల్చుకునేవాడూ అదే పన్ను కడతాడు. కాపాడటానికి డబ్బు కావాలంటే ఇవ్వు. బదులుగా ఒక ప్రాణం అడగకు.

తమ్ముడు: సరే, డబ్బు వాదన పక్కన పెడతాను. రోళ్ళపాడు సంగతే చూడు. బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల రైతుల చేలల్లో పడ్డాయి. పిట్ట మాత్రం కనబడకుండా పోయింది. ముట్టుకోకూడదని చట్టం రాసినంత మాత్రాన అన్నీ చక్కబడవు కదా.

అక్క: పిట్టను తరిమింది జింక కాదు. సాగునీళ్ళొచ్చాక చుట్టూ ఉన్న బీళ్ళు పొలాలయ్యాయి. నేల పోయింది, పిట్ట పోయింది. అక్కడ వేట ఉండి ఉంటే పిట్ట బతికేదని నువ్వు చెప్పలేవు. ఈ నేల సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ దీనికే వస్తాను. అయినా నా అభ్యంతరం చట్టంతో మొదలు కాదు, ఆ జంతువు దేహంతో మొదలవుతుంది.

తమ్ముడు: చెప్పు.

అక్క: చూడటానికి జింకలా ఉంటుంది గానీ జింక కాదది. తన కుటుంబంలో మిగిలింది అదొక్కటే. బతికున్నవాటిలో దగ్గరి చుట్టాలు జిరాఫీ, ఒకాపీ. తలకు రెండు పక్కలా పెద్ద పెద్ద కళ్ళు. మేస్తూనే తన చుట్టూ దాదాపు అంతటా చూడగలదు. అపాయం తోస్తే పిర్ర మీది తెల్ల వెంట్రుకలు నిక్కబొడుస్తుంది. దూరంగా ఉన్న తోటివాటికి అదే హెచ్చరిక. గంటకు 55 మైళ్ళు పరిగెత్తుతుంది, అంటే 90 కిలోమీటర్లకు దగ్గర. ఈ ఖండంలో ఇప్పుడు దాన్ని తరిమి పట్టగల మృగం లేదు. మరి అంత వేగం దేనికి? మంచుయుగం చివర్లో అంతరించిన అమెరికన్ చీతా లాంటి మృగాల నుంచి తప్పించుకోవడానికి వచ్చిన వేగం అది, ఆ మృగాలు పోయినా వేగం మిగిలింది అని జాన్ బయర్స్ అనే శాస్త్రవేత్త 1997లో వచ్చిన పుస్తకంలో వాదించాడు. మన కృష్ణజింకను తరిమిన చీతా కూడా దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. ప్రాంగ్‌హార్న్‌కు చెట్టు చాటు, బండ చాటు అలవాటు లేదు. ఎంత దూరం నుంచి చూస్తే అంత క్షేమం. దూరమే దాని కోట. నీ రైఫిల్ ఆ కోటను ఉన్నపళాన చెరిపేస్తుంది. తోడేలును ఎదుర్కోవడానికి దానికి కాళ్ళున్నాయి, తూటాను ఎదుర్కోవడానికి ఏముంది?

తమ్ముడు: తూటాను ఎదుర్కోవడానికి ఏమీ లేదు. అందుకే ఆ దూరాన్ని తూటాతో దాటకూడదు, కాళ్ళతో దాటాలి. ఈ కాగితంలో మొదటి వాక్యం చదువు. 200 గజాలు దాటితే ట్రిగ్గరు మీద వేలు పెట్టను.

అక్క: ఇరవయ్యో, ముప్పయ్యో అయితే అర్థముంది. 200 ఎందుకు?

తమ్ముడు: గాలి వల్ల. రెడ్ డెజర్ట్‌లో గాలి ఊరికే ఉండదు. గంటకు 10 మైళ్ళ అడ్డగాలి వీస్తే నా రైఫిల్ తూటా 200 గజాల దగ్గర రెండు మూడు అంగుళాలు పక్కకు జరుగుతుంది. 400 గజాల దగ్గర ఆ జరుగుడు అడుగుకు చేరువవుతుంది. ప్రాంగ్‌హార్న్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు. అంటే 200 దగ్గర నేను గాలిని కొంత తప్పుగా అంచనా వేసినా తూటా ఆ జానెడులోనే పడుతుంది. 400 దగ్గర అదే తప్పు చేస్తే పొట్టలోనో కాలిలోనో పడుతుంది. అయిదు వందల గజాల నుంచి కొట్టామని చెప్పుకునేవాళ్ళున్నారు. తగిలిన కథలే బయటికి వస్తాయి. పొట్టలో తూటాతో కొండ దాటిపోయిన వాటి కథ ఎవరూ చెప్పరు.

అక్క: మరి ఆ 200 గజాల దాకా ఎలా వెళతావు? దాచుకోవడానికి ఏమీ లేని నేల కదా.

తమ్ముడు: దూరం నుంచి చదును నేలలా కనబడుతుంది గానీ అందులో వంకలున్నాయి, చిన్న చిన్న మిట్టలున్నాయి. తెల్లవారుజామున ఒక మిట్ట మీద కూర్చుని బైనాక్యులర్‌తో, స్పాటింగ్ స్కోపుతో వెతకాలి. మంద కనబడ్డాక వెంటనే కదలకూడదు. ఎటు మేస్తోందో, ఎక్కడ పడుకుంటుందో, గాలి ఎటుందో చూసుకుని, ఏ వంకలో దిగితే ఏ మిట్ట వెనక తేలతానో మ్యాపు మీద గుర్తు పెట్టుకోవాలి. తర్వాత నడక, ఆ తర్వాత పాకుడు. నేలంతా ముళ్ళ నాగజెముడు, అందుకే మోకాళ్ళకు తొడుగులు, చేతులకు తోలు గ్లవ్స్. చివరికి చేరాక కూడా సేజ్‌బ్రష్ పొదలు మోకాలెత్తున అడ్డం వస్తాయి కాబట్టి బోర్లా పడుకుని కాల్చడం చాలాచోట్ల కుదరదు. కూర్చుని, కర్రల ఆసరాతో కాల్చాలి. అందుకే ఈ వేసవి సాధనంతా కూర్చునే చేస్తాను. ఇంత చేసినా ఎక్కువసార్లు మందే ముందు చూస్తుంది. చూసిందంటే ఆ పూట అయిపోయినట్టే.

అక్క: బండిలో తిరిగి, మంద దగ్గర దూకి కాల్చేవాళ్ళు లేరా?

తమ్ముడు: ఉన్నారు. బండిలోంచి, రోడ్డు మీంచి కాల్చడం ఇక్కడ నేరం. అయినా బండితో మందను బెదరగొట్టి, పరిగెత్తేవాటి మీద కాల్చేవాళ్ళు ఉన్నారు. నా కాగితంలో రెండో వాక్యం అదే. కదులుతున్న జంతువును కాల్చను. బండి రోడ్డు దిగదు.

అక్క: నీళ్ళ దగ్గర మాటు వేయడం మాటేమిటి? పేజీ చివర రాసి, ప్రశ్నార్థకం పెట్టావు.

తమ్ముడు: విల్లుతో వేటాడేవాళ్ళు ఆగస్టు ఎండల్లో అలా చేస్తారు. పశువుల కుంట పక్కన గుడారం లాంటి మాటులో రోజంతా కూర్చుంటారు. దాహం తెచ్చి దాన్ని ముప్పై గజాల దగ్గర నిలబెడుతుంది. సెప్టెంబరు చివరికి చల్లబడితే అంతగా పనిచేయకపోవచ్చు. కానీ ఒక మాట చెప్పనీ. ముప్పై గజాల దగ్గర నిలబడి తాగుతున్నదాని మీద గురి తప్పే అవకాశం చాలా తక్కువ. నొప్పి తెలిసేలోగా అయిపోతుంది. నువ్వడిగే దయ అక్కడే ఎక్కువుంది.

అక్క: దప్పికతో వచ్చినదాన్ని కొట్టడం దయా?

తమ్ముడు: ఆ ప్రాణి వైపు నుంచి చూడు. దానికి కావలసింది నా మంచితనమా, తక్కువ నొప్పా?

అక్క: ఇప్పుడు అసలు ముడికి వచ్చావు. నువ్వు రెండు ధర్మాలు ఒకే మూట కడుతున్నావు. దానికి తప్పించుకునే అవకాశం ఇవ్వాలంటావు. దానికి నొప్పి తగ్గించాలనీ అంటావు. ఇవి ఒకదానికొకటి ఎదురు. అవకాశం పెంచితే గాయపడి పారిపోయే ప్రమాదం పెరుగుతుంది. నొప్పి తగ్గించాలంటే అవకాశమే లేకుండా చేయాలి. కబేళాలో తప్పించుకునే దారి లేదు, దాన్నెవరూ వేట అనరు.

తమ్ముడు: ఎదురే. కానీ ఆ రెండూ ఒకే క్షణానికి చెందినవి కావు. నేను మిట్ట మీద కూర్చున్నప్పటి నుంచి 200 గజాలకు చేరేదాకా కాలం దానిది. దాని కళ్ళు, ముక్కు, కాళ్ళు అన్నీ పనిచేస్తాయి, గాలి తిరిగితే చాలు నేను ఓడిపోతాను. ఆ తర్వాతి కాలం నాది. అప్పుడు దానికి ఇవ్వాల్సింది అవకాశం కాదు, తక్షణ మరణం. మొదటి కాలంలో న్యాయం, రెండో కాలంలో దయ. వెయ్యి గజాల నుంచి కాల్చేవాడు మొదటిది ఎగ్గొడతాడు. కదిలేదాన్ని కాల్చేవాడు రెండోది ఎగ్గొడతాడు. నీళ్ళ మాటు మొదటిదాన్ని పూర్తిగా తీసేయదు, కుంట చుట్టూ అది చాలాసేపు పరిశీలించాకే దిగుతుంది. కానీ తాగక తప్పని చోట దానికి మిగిలే ఎంపిక తక్కువ. ఆ ప్రశ్నార్థకం అందుకే. ఇప్పుడు కొట్టేస్తున్నాను.

అక్క: కొట్టేసినందుకు సంతోషం. నీ రెండు కాలాల మాట వినడానికి బాగుంది. కానీ మొదటి కాలాన్ని మొదలుపెట్టమని ఆ జంతువు నిన్ను అడగలేదు. అది నాలో తీరని ప్రశ్నే. ఇంక మ్యాపు చూపించు. ఈ గళ్ళేమిటి?

తమ్ముడు: చదరంగం బల్ల అంటారు దీన్ని. 1860లలో రైలు మార్గం వేయడానికి ప్రభుత్వం యూనియన్ పసిఫిక్ కంపెనీకి లైనుకు అటూ ఇటూ మైలు పొడవు, మైలు వెడల్పు గళ్ళను ఒకటి విడిచి ఒకటి ఇచ్చింది. ఇప్పటికీ అంతే, ఒక గడి ప్రైవేటు, పక్క గడి ప్రజలది. ప్రజల గళ్ళు మూల దగ్గర మాత్రమే కలుస్తాయి. ఆ మూల మీంచి, ప్రైవేటు నేల తొక్కకుండా, ఒక గడి నుంచి ఇంకో గడికి అడుగు వేయవచ్చా అన్నది ఏళ్ళ తరబడి తగాదా. నలుగురు వేటగాళ్ళ కేసులో 2025 మార్చిలో ఇక్కడి ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు వేయవచ్చని తీర్పిచ్చింది. అయినా నేను ఉత్తరాన గ్రేట్ డివైడ్ బేసిన్‌లో, ప్రజల నేల ఎడతెగకుండా ఉన్న చోటే ఎంచుకున్నాను. జంతువు వెంట పాకుతున్నప్పుడు సరిహద్దు లెక్కపెట్టుకుంటూ ఉండటం కుదరదు.

అక్క: ఆ బేసిన్‌లో పడ్డ నీరు ఏ సముద్రానికీ చేరదని చదివాను.

తమ్ముడు: నిజం. పడ్డ చోటే ఇంకాలి, లేదా ఆవిరవ్వాలి. ఆరేడు వేల అడుగుల ఎత్తు. తాగునీరు మొత్తం మోసుకెళ్ళాలి. మట్టి రోడ్లు ఎండగా ఉంటే బాగుంటాయి, వాన పడితే బంక మట్టి చక్రాలను కదలనివ్వదు. ఫోను చాలాచోట్ల పలకదు. రెండు స్పేర్ టైర్లు, అదనపు పెట్రోలు, నేను ఏ గడిలో ఉంటానో రాసి ఇంట్లో పెట్టే కాగితం, ఒంటి మీద మెరిసే నారింజ రంగు చొక్కా. మాంసం సంగతీ రాశాను. సెప్టెంబరు చివర్లోనూ మధ్యాహ్నాలు వెచ్చగా ఉంటాయి. ప్రాంగ్‌హార్న్ మాంసం వాసనని తిట్టేవాళ్ళలో చాలామంది దాన్ని ఎండలో బండి మీద వేసుకుని తిప్పినవాళ్ళే. పడగానే కడుపు శుభ్రం చేసి, తోలు తీసి, మంచు పెట్టెలోకి చేర్చాలి. తినదగిన మాంసం పారేస్తే ఇక్కడ శిక్ష ఉంది.

అక్క: అది తినే సేజ్‌బ్రష్ మన మాచిపత్రి, దవనం జాతిదే. ఆ ఘాటు పొదను జీర్ణం చేసుకోగల మేత జంతువులు తక్కువ. మంచు పడ్డాక దానికి అదే ఆధారం. ఆ మాటకొస్తే, 2022-23 చలికాలంలో పశ్చిమ వయోమింగ్‌లో ఇవి గుంపులు గుంపులుగా చచ్చాయి కదా. ఆ గాయం మానకముందే నువ్వెందుకు?

తమ్ముడు: ఆ చలికాలం పైన న్యుమోనియా కూడా వచ్చింది. శాఖ మరుసటి వేటకాలానికి లైసెన్సులు బాగా కోసేసింది. నా ప్రాంతంలో ఇప్పటికీ కొద్దిమందికే ఇస్తోంది. నాది మగదానికి వాడబోయే లైసెన్సు. ఒక మగది చాలా ఆడవాటితో కలుస్తుంది కాబట్టి దాన్ని తీసినంత మాత్రాన మరుసటేటి పిల్లలు తగ్గవు. ఆడది సాధారణంగా కవలల్ని కంటుంది. దాన్ని తీస్తే మూడు పోయినట్టు.

అక్క: బాగుంది. మరి ఈ నాలుగో పేజీలో కొమ్ము పొడవును చెవితో పోల్చి చూసే లెక్క ఎందుకు?

తమ్ముడు: పెద్ద కొమ్ములుంటే ముసలిదని. ముసలిది ఈపాటికి తన సంతానాన్ని వదిలి ఉంటుంది.

అక్క: ఇది నా సబ్జెక్టు. ప్రాంగ్‌హార్న్ కొమ్ము లోపల ఎముక, పైన గట్టి పొర. ఆ పొరను ఏటా రాల్చి మళ్ళీ పెంచుకుంటుంది. రెండు మూడేళ్ళకే కొమ్ములు దాదాపు నిండుగా ఎదుగుతాయి. ఆ తర్వాత పొడవు చెప్పేది వయసు కన్నా ఆ చలికాలం ఎలా గడిచింది, ఏం మేసింది అన్నదే ఎక్కువ. నువ్వు పెద్ద కొమ్ము కోసం వెతికితే ముసలిదాన్ని కాదు, ఆ చలికాలాన్ని బాగా తట్టుకున్నదాన్ని ఏరి చంపుతావు. మాంసం కోసమన్నవాడికి ఆ లెక్కతో పని లేదు.

తమ్ముడు: ఆ పేజీ తీసేస్తాను. దవడ మీద నల్ల మచ్చ ఉన్న, ఎదిగిన మగది ఏదైనా సరే. మొదట దగ్గరికి చేరగలిగినదే.

అక్క: ఇంకొకటి లేదు ఇందులో. గాయపడి పారిపోతే?

తమ్ముడు: వెంట వెళతాను. దొరికేదాకా.

అక్క: దొరక్కపోతే? మర్నాడు ఇంకోదాని వెంట పడతావా?

తమ్ముడు: చట్టం అడ్డం చెప్పదు.

అక్క: చట్టాన్ని అడగలేదు, నిన్నడిగాను.

తమ్ముడు: పడను. తూటా తగిలిందంటే నా లైసెన్సు అయిపోయినట్టే, చేతికి దొరికినా దొరకకపోయినా. రాస్తున్నాను. ఇవన్నీ ఇప్పుడే రాసుకోవాలక్కా. అంత పాకి, ఒళ్ళంతా ముళ్ళతో, చివరి సాయంత్రం అది 260 గజాల దగ్గర నిలబడితే, ‘ఈ ఒక్కసారికి’ అని మనసు చెబుతుంది. అప్పుడు రాసుకునే షరతు షరతు కాదు, సాకు. విశాలమైన నేలలో వేట అంటే సగానికి పైగా ఈ బల్ల దగ్గర జరిగేదే. ఖాళీ చేతులతో తిరిగి రావడం కూడా ఈ ప్రణాళికలో ఒక ఫలితమే.

అక్క: అదొక్కటి నిజంగా నమ్మితే నీ కాగితానికి విలువ ఉంది. ఇప్పుడు నేల మాటకు వస్తాను. ఇంత వేగం ఉన్న జంతువు కంచె దూకదు, తెలుసు కదా?

తమ్ముడు: తెలుసు. అడుగునుంచి దూరుతుంది.

అక్క: అడ్డంకులు లేని మైదానంలో ఎదిగిన జంతువు. అడుగు తీగ ముళ్ళతో, నేలకు దగ్గరగా ఉంటే ఒళ్ళు చీరుకుపోతుంది, లేదా అక్కడే ఆగిపోతుంది. మంచు పేరుకుంటే ఆ సందు కూడా మూసుకుపోతుంది, మేత ఉన్న చోటికి పోలేక కంచె పక్కనే చస్తుంది. ఇంటర్‌స్టేట్ 80 రోడ్డు ఆ ఎడారిని రెండుగా కోసింది. గ్రాండ్ టీటన్ నుంచి గ్రీన్ నది మైదానాలకు అవి ఏటా నడిచే దారిలో అటవీ శాఖ భూముల్లోని భాగాన్ని 2008లో అధికారికంగా కాపాడారు. పైన్‌డేల్ దగ్గర ట్రాపర్స్ పాయింట్‌లో 2012లో రోడ్డు మీంచి వాటి కోసం వంతెన కట్టారు. అక్కడ తవ్వితే దాదాపు ఆరు వేల ఏళ్ళ కిందట మనుషులు కొట్టిన ప్రాంగ్‌హార్న్‌ల ఎముకలు దొరికాయి.

తమ్ముడు: అంటే వేటా, ఆ దారీ అంత పాతవి. అన్ని వేల ఏళ్ళ వేట ఆ దారిని తుడిచేయలేదు.

అక్క: వేట తుడిచేయని దారిని కంచె వందేళ్ళలో తుడిచేయగలదు. రోళ్ళపాడులో జరిగింది అదే, నేల పోయింది. నువ్వు ఒక మగదాన్ని చంపకుండా ఆగితే ఒకటి బతుకుతుంది. ఒక కంచె అడుగు తీగను నున్నటిదిగా మార్చి నేల నుంచి పద్దెనిమిది అంగుళాలు పైకి లేపితే, ఆ కంచె ఉన్నన్నాళ్ళూ వచ్చే మందలన్నీ దాటతాయి. వేటగాడు దేన్ని ప్రేమిస్తున్నానంటాడో దాని రుజువు నాకు ఇందులో కనబడాలి, లైసెన్సు రసీదులో కాదు.

తమ్ముడు: భూమి యజమానుల అనుమతితో ఆ పని చేసే స్వచ్ఛంద బృందాలున్నాయి. ఆగస్టులో చేస్తారు. నేనూ వెళతాను. కానీ ఒక మాట. ఆ నేలను నేను మ్యాపు మీద గడి గడిగా చదివింది వేట కోసం. ఏ కంచె ఎక్కడుందో, ఏ వంకలో నీరు నిలుస్తుందో అందుకే తెలిసింది. వేట లేకపోతే ఆ ఎడారి నాకు ఇంటర్‌స్టేట్ మీంచి కిటికీలో దాటిపోయే బూడిదరంగు నేలే.

అక్క: అది నీ విషయంలో నిజం కావచ్చు, కాదనను. అందరికీ నిజం కానక్కర్లేదు. తుపాకీ పట్టకుండా ఆ నేలను నీకన్నా బాగా చదివినవాళ్ళున్నారు. బయర్స్ లాంటి శాస్త్రవేత్తలు జీవితాలే పెట్టారు. నువ్వూ ఆ వరసలోకి రాగలవు.

తమ్ముడు: ఏదో ఒక ఏడు వస్తానేమో. ఈ ఏడు వేటకు వెళతాను.

అక్క: వెళ్ళు. చంపడం నాకు తప్పుగానే ఉంది. ఆ మాంసం నేను తినను, వేటకు రాను. కంచె పనికి మాత్రం నీతో వస్తాను. ఆ పనికి తేదీ ముందు రాయి, వేట తేదీ దాని కింద రాయి. ఏ కారణం చేతనైనా మొదటిది తప్పితే రెండోదీ ఆ ఏడాదికి మానుకుంటానని కూడా రాయి. మిగతా షరతుల పక్కన అదీ ఉండాలి.

తమ్ముడు: రాశాను.